ఖాదర్ సాబ్ గవాహీ

మొన్న మా కోడలు క్రిస్మస్‌కు అరిసెలు చేద్దామని పొయ్యి మీద బెల్లం పాకం పెట్టి, ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్ళి మాటల్లో పడింది. పాకం మాడిపోయింది. ఇల్లంతా చేదూ తీపీ కలిసిన పొగ. ఆమె నొచ్చుకుంటూ కిటికీలు తెరుస్తుంటే నేను మంచం మీద లేచి కూర్చున్నాను. డెబ్బై దాటిన ఈ ఒంటికి ఇప్పుడు వాసనలు అంత తొందరగా అందవు. ఇది మాత్రం అందింది. పటాన్‌చెరు దగ్గరి పోత కార్ఖానాలో అచ్చుల కోసం ఇసుకలో బెల్లపు మడ్డి కలిపేవాళ్ళం. అచ్చులో కరిగిన ఇనుము పోయగానే లోపలి మడ్డి కాలి షెడ్డంతా సరిగ్గా ఈ వాసనే వచ్చేది. ఆ పొగ వెనకాలే, మోకాళ్ళ దాకా పంట్లాం మడిచిన ఒక మనిషి నడిచి వస్తారు. ఆయన పేరు అబ్దుల్ ఖాదర్. అందరికీ ఖాదర్ సాబ్. నాకు చాచా.

ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు దాదాపు లేరు. ఆ కార్ఖానా కూడా లేదు. దాని పేరు చెప్పి ప్రయోజనమూ లేదు. డెబ్బైలలో ఆ రోడ్డు పొడుగునా జొన్న చేలు పోయి షెడ్లు లేస్తున్నప్పుడు లేచిన వాటిలో అదొకటి. నేను కొండాపూర్ పక్క పల్లె నుంచి వచ్చాను. మా నాయన బడిపంతులు, ఆదివారాలు మా చిన్న చర్చిలో వాక్యం చదివేవాడు. పెళ్ళై ఒక బిడ్డ పుట్టాక వ్యవసాయం మీద ఆశ వదులుకుని, సంగారెడ్డిలో ఒక గది కిరాయికి తీసుకుని, రోజూ బస్సులో పటాన్‌చెరు పోయి వచ్చేవాణ్ణి. ఖాదర్ సాబ్‌దీ సంగారెడ్డే. ఆయన అచ్చుల విభాగానికి మేస్త్రీ. అప్పటికే యాభై దాటిన మనిషి. ఎప్పుడు చూసినా అలసిపోయినట్టే ఉండేవారు, కానీ పనిలో ఎవరికన్నా వెనకబడేవారు కాదు.

మొదటి రోజు నా పేరు అడిగారు. ఏలియా అన్నాను.

"ఏలియానా? మా దాంట్ల ఇలియాస్ అంటం. పైగంబరే, ప్రవక్తనే ఆయన గూడ. మీ మోషేను మేం మూసా అంటం, మీ యేసయ్యను ఈసా అంటం. అందర్నీ పంపినోడు ఒక్కడే బేటా. ఇగ పార పట్టు."

ఆ రోజు నుంచి ఆయన చనిపోయేదాకా నేను ఆయనకు ఇలియాస్‌నే. మా నాయనతో ఈ మాట చెబితే, "మన యేసును ఆయన ప్రవక్త అంటడు, మనం కుమారుడంటం. గది పెద్ద తేడానే. గని మనిషి మంచోడైతే ఆయన దగ్గర పని నేర్చుకో" అన్నాడు.

మధ్యాహ్నం తిండి గంట కొట్టగానే అందరం డబ్బాలు విప్పేవాళ్ళం. ఆయన మాత్రం ముందు నల్లా దగ్గరికి పోయేవారు. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, తడి చేత్తో తల, చివరికి పాదాలు. తొందర లేకుండా, ఒక వరస ప్రకారం. ఒక్కోసారి నల్లాలో నీళ్ళు రాకపోయేవి. అప్పుడు లారీ అప్పుడే దింపిన మంజీరా ఇసుక కుప్ప దగ్గరికి పోయి, రెండు అరచేతులు దాని మీద ఆనించి, దులుపుకుని, ముఖమూ చేతులూ తుడుచుకునేవారు. నేను నవ్వాను ఒకసారి. ఇసుకతో కడుక్కోవడమేమిటని.

"నవ్వకు. నీళ్ళు లేవని నమాజ్ ఆగొద్దు. మనిషి తిప్పలు అల్లాకు ఎర్కే. నిలవడరాకుంటే కూసోని చెయ్యి, కూసోరాకుంటే పండుకోని చెయ్యి. ప్రయాణంల ఉంటే తక్కువ చెయ్యి. అలిసినోనికి గూడ తొవ్వ ఉంది బేటా. తొవ్వ లేంది బేకారోనికే."

షెడ్డు మూలన ఒక గోనెపట్టా పరిచి పడమర దిక్కు నిలబడేవారు. మక్కా అటు ఉందనీ, ప్రపంచంలో ఎక్కడివాళ్ళయినా అటే తిరుగుతారనీ చెప్పారు. వంగడం, నుదురు నేలకు ఆనించడం, మళ్ళీ లేవడం. చివర్న మోకాళ్ళ మీద కూర్చుని కుడిచేతి చూపుడువేలు లేపేవారు. ఆ వేలు సగమే ఉండేది. పాత కార్ఖానాలో ఏదో యంత్రం మిగతా సగం తీసేసుకుంది. ఆ మొండివేలు అలా లేచి నిలబడటం నాకు విచిత్రంగా అనిపించేది.

"ఆ వేలెందుకు లేపుతవ్ చాచా?" అని అడిగాను.

"గవాహీ ఇస్తున్న, సాక్ష్యం చెప్తున్న. దేవుడు ఒక్కడే, ముహమ్మద్ సాబ్ ఆయన పంపిన మనిషి అని. మా దీన్‌ల మొదటి మెట్టు గదే. నమాజ్, రోజా, జకాత్, హజ్... అన్నీ దాని మీదనే నిలవడ్డయి. మొదలు గవాహీ."

"ఇగ అటూ ఇటూ తల తిప్పి ఎవరికి సలాం చెప్తున్నవ్?"

"భుజాల మీద ఇద్దరు ఫరిష్తేలుంటరు, దేవదూతలు. కుడి దిక్కోడు మంచి రాస్తడు, ఎడమ దిక్కోడు చెడ్డ రాస్తడు. వాళ్ళు గూడ డ్యూటీల ఉన్నరు గద, పాపం!"

చాలా అరుదుగా నవ్వేవారు. ఆ రోజు నవ్వారు.

ఆ యేడు రంజాన్ వానల చివర్లో వచ్చింది. బయట చల్లగానే ఉన్నా కొలిమి దగ్గర ఎప్పుడూ నడి ఎండాకాలమే. తెల్లవారకముందు తిన్న రెండు రొట్టెలతో రోజా ఉండి, గుటకెడు నీళ్ళు లేకుండా, సాయంత్రం దాకా ఆ వేడిలో నిలబడేవారు. పదో రోజో పన్నెండో రోజో, ఇనుము పోయిస్తూ ఆయన గోడకు ఒరిగిపోయారు. కళ్ళు తేలిపోతున్నాయి. మేం పక్కకు తీసుకుపోయాం. ఆయన ఎంతకూ నీళ్ళు తాగరేమో, ఎట్లా బతిమాలాలో అని నేను భయపడుతుంటే, ఆయనే చెయ్యి చాపి నా గ్లాసు తీసుకుని గటగటా తాగేశారు.

"రోజా ఇరిగింది గద చాచా" అన్నాను.

"ఇంకో దినం ఉంట. పానం తీసుకొమ్మని ఆయన చెప్పలే. మొండితనం వేరు, దీన్ వేరు."

ఆయన సాధు పురుషుడేమీ కాదు. కోపం వస్తే అరిచేవారు. బీడీ మానలేకపోయారు. ఒక్క కోరిక మాత్రం ఉండేది, హజ్. ఆయనా, భార్య హాజిరా బీ చాచీ కలిసి బొంబాయి నుంచి ఓడలో పోవాలని. ఆ ఓడ గురించి బస్సులో ఎన్నిసార్లు చెప్పేవారో. సముద్రం చూడని మనిషి, ఎన్ని రోజుల ప్రయాణమో, డెక్కు మీద ఎట్లా పడుకుంటారో పోయివచ్చిన వాళ్ళను అడిగి తెలుసుకుని నాకు చెప్పేవారు. రంజాన్ పండగ ముందు మాత్రం తన దగ్గర మిగిలినదాంట్లో ఒక వంతు జకాత్ అని తీసి లేనివాళ్ళ ఇళ్ళకు తానే పోయి ఇచ్చి వచ్చేవారు. అట్లా ఇస్తుంటే ఓడ ఎప్పుడు ఎక్కుతారని అడిగితే, "అది నాది గాదు, వాళ్ళదే. వాళ్ళది వాళ్ళకు ఇచ్చుడు దానమెట్లయితది?" అన్నారు.

కరిగిన ఇనుము పట్టే పెద్ద బకెట్టును గొలుసు కట్టి కప్పీతో పైకి లేపి, అచ్చుల మీదికి తెచ్చేవాళ్ళం. ఆ గొలుసులో ఒక కొక్కెం దగ్గర లంకె అరిగి సన్నగా చీలిక పడింది. ఖాదర్ సాబ్ నన్ను పిలిచి చూపించారు. నేను వేలితో తడిమాను కూడా. ఆయన నన్ను వెంటబెట్టుకునే మేనేజర్ దగ్గరికి పోయి చెప్పారు. మేనేజర్ చదువుకున్న మనిషి, చెడ్డవాడని ఎవరూ అనరు. "ఈ ఆర్డరు అయిపోనీ ఖాదర్, వచ్చే వారం కొత్తది వస్తుంది" అన్నాడు. వారం తర్వాత మళ్ళీ పోయాం. మళ్ళీ అదే మాట.

అది జరిగింది ఒక మధ్యాహ్నం. బకెట్టు నిండుగా ఉంది. నేను కప్పీ తాడు దగ్గర, మంగల్ అచ్చుల దగ్గర ఉన్నాం. మంగల్ బీహార్ నుంచి వచ్చిన కూలీ, నా ఈడువాడే. లంకె తెగిన శబ్దం పెద్దగా రాలేదు. ఎండుకట్టె విరిచినట్టు టక్కుమంది, అంతే. తర్వాతి సంగతి వివరించలేను. నాలుగు రోజులు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉండి మంగల్ పోయాడు. అతని భార్య ఫూల్‌మతి, యేడాది పాప, పటాన్‌చెరులో ఒక రేకుల గదిలో ఉండేవాళ్ళు.

విచారణకు ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసిన రోజు మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. నేను ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. చాయ్ తెప్పించాడు. "నీ పర్మనెంట్ కాగితం టైపవుతోంది ఏలియా. ఎంత చెప్పినా వినకుండా మంగల్ బకెట్టు కిందికి పోయాడట గదా" అన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. ఇంటికి పోతే నా భార్య మార్తకు ఏడో నెల. ఆమెకు కాగితం సంగతి చెప్పాను, మిగతాది చెప్పలేదు.

విచారణ రోజు ఆఫీసు గదిలో ఒక గుమాస్తా రాసుకుంటున్నాడు. ముందు ఖాదర్ సాబ్‌ను అడిగారు. ఆయన చేతులు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు.

"గొలుసు చీలిందని నాకు తెల్సు. రెండుసార్లు చెప్పిన. మార్చలే. గని ఆ దినం పని ఆపే హక్కు నాకున్నది, నేను ఆపలే. నౌకరీ పోతదని భయపడ్డ. ఆ తప్పు నాది. గది గూడ రాయండి."

మేనేజర్ మెల్లగా అన్నాడు: "ఖాదర్, ఇదంతా రాత. మీవాళ్ళు కూడా తఖ్దీర్ అంటారు గదా."

"అంటం సార్. గని గొలుసు మార్చినంక అంటం."

ఎవరి ముందు చెప్పావని ఇన్‌స్పెక్టరు అడిగాడు. "గీ పోరడు నా పక్కన్నే ఉండె" అన్నారు ఆయన. అందరూ నా వైపు తిరిగారు. ఆయన తిరగలేదు. నేలనే చూస్తూ నిలబడ్డారు.

"నాకు యాదికి లేదు సార్" అన్నాను.

గుమాస్తా కలం కాగితం మీద ఆ మాట రాసిన చప్పుడు నాకు వినబడింది.

నెల తిరక్కముందే ఖాదర్ సాబ్‌ను తీసేశారు. తప్పు తనదేనని ఆయనే ఒప్పుకున్నాడు గదా అన్నారు. బస్సులో ఆయన కూర్చునే చోట ఎవరెవరో కూర్చునేవారు. సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర చిన్న డబ్బా పెట్టుకుని ఆయన పంపుస్టవ్వులు బాగుచేస్తున్నారని తెలిసి, నేను బస్సు దిగి ఇంకో సందులోంచి ఇంటికి పోవడం నేర్చుకున్నాను. రెండేళ్ళు అట్లాగే పోయాను. నాకు పర్మనెంట్ అయింది. మా రెండోవాడు నడవడం మొదలుపెట్టాడు. చివరికి ఖాదర్ సాబ్ చేసిన మేస్త్రీ పని కూడా నాకే ఇచ్చారు.

అప్పుడొకరోజు కొత్త గొలుసులోనే ఒక లంకె అరిగినట్టు నా కంటబడింది. పోయి చెప్పాను. "ఈ రెండు రోజులు నడవనీ" అన్నాడు మేనేజర్. నేను తిరిగి వచ్చి, నోరు మూసుకుని, పని నడిపించాను. ఏమీ జరగలేదు. బకెట్టు క్షేమంగా పోయింది, వచ్చింది. కానీ బకెట్టు లేచిన ప్రతిసారీ నా కళ్ళు ఆ లంకె మీదనే ఉన్నాయి. ఆ సాయంత్రం బస్సు దిగి, ఆ సందులోకి తిరగకుండా, తిన్నగా ఖాదర్ సాబ్ ఇంటికి నడిచాను.

మళ్ళీ రంజాన్ నెలే. ఆయన చాప మీద కూర్చుని, ముందు రెండు ఖర్జూరాలు, చెంబుతో నీళ్ళు పెట్టుకుని పొద్దు గూకే వేళ కోసం ఎదురుచూస్తున్నారు. మనిషి సగమైపోయారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూసో" అన్నారు. దూరంగా మసీదు నుంచి పిలుపు వినిపించింది. ఒక ఖర్జూరం నాకిచ్చి, ఒకటి తాను నోట్లో వేసుకున్నారు. చాచీ లోపలి నుంచి పకోడీల పళ్ళెం పంపింది. నేను పళ్ళెం పక్కకు జరిపాను.

"చాచా, నాకు యాదికుంది. అంతా యాదికుంది."

"తెల్సు."

"మాఫ్ చెయ్యి చాచా."

ఆయన నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టారు.

"నన్నెందుకు అడుగుతున్నవ్? నా నౌకరీ నా నోటితోని పోయింది, నీ నోటితోని గాదు. సూడు ఇలియాస్. నమాజ్ తప్పితే, రోజా తప్పితే, అల్లాను అడుగొచ్చు. ఆయన మాఫ్ చేసేటోడు. గని మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలె. అల్లా గూడ దాన్ని ఆ మనిషి చేతులనే ఇడిసిండు. మంగల్ లేడు. ఫూల్‌మతి ఉన్నది. ఆమెకు రావాల్సిన పరిహారం కేసు నడుస్తనే ఉంది, సోమారం పేషీ."

రెండేళ్ళుగా ప్రతి పేషీకి ఆయన ఆమె వెంట పోతున్నారని అప్పుడు తెలిసింది. ఆమెకు తెలుగు రాదు, చదువు రాదు. కాగితాలు చదివి చెప్పేదీ, ఆమె మాట ఆఫీసరుకు చెప్పేదీ ఆయనే.

"ఒక్కసారి పిలిస్తే రాకపోదునా చాచా?"

"గవాహీ గుంజుకొస్తే వచ్చేది గాదు బేటా" అన్నారు. తర్వాత, నేను అడగకుండానే, "హజ్ సంగతి గూడ ఫికర్ పెట్టుకోకు. చేతనైనోని మీదనే అది ఫర్జ్, చేసి తీరాలె. నా మీద ఇగ లేదు. అల్కగైన" అని కళ్ళు మూసుకున్నారు. ఆ అల్కగైన, తేలికపడ్డాను, అన్న మాటలో ఎంత అలసట ఉందో ఇప్పుడు, ఆయన వయసు దాటాక, తెలుస్తోంది.

సోమవారం సంగారెడ్డిలో ఆ కేసు నడిచే లేబర్ ఆఫీసుకు పోయాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. కార్ఖానా తరఫు వకీలు లేచి, "అప్పుడు యాదికి లేనిది రెండేళ్ళకు ఎట్లా యాదికొచ్చిందయ్యా?" అన్నాడు. గదిలో కొందరు నవ్వారు. నేను అబద్ధం చెప్పానని చెప్పాను. ఎప్పుడు, అప్పుడా ఇప్పుడా అన్నాడు. మళ్ళీ నవ్వారు. వారం తిరక్కముందే నా పని పోయింది. కొన్ని నెలలకు తీర్పు ఫూల్‌మతి వైపే వచ్చింది. కానీ అది ఖాదర్ సాబ్ మొదటి రోజు చెప్పిన మాట మీద వచ్చింది. తన తప్పు కూడా ఒప్పుకున్నవాడి మాట నమ్మదగ్గదని రాశారు. నా మాట నమ్మలేమని కూడా అందులోనే రాశారు. అది న్యాయమే.

ఆ సోమవారం బయటికి వచ్చాక వాన పడుతోంది. వరండాలో ఫూల్‌మతి పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. ఖాదర్ సాబ్ కాస్త దూరంగా పోయి నిలబడ్డారు. నేను నాకొచ్చిన హిందీలో, మాఫ్ చెయ్యమని అడిగాను. ఆమె పాపను ఇంకో చంకకు మార్చుకుంది.

"యాద్ హై?" అంది. నీకు గుర్తుందా అని. "ఆ రోజు పొద్దున ఆయన ఏమన్నాడు? నేను లేవకముందే వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన మాట నేను వినలేదు. చెప్పు."

చెప్పాను. పొద్దున వస్తూనే మంగల్ నా డబ్బాలోంచి ఒక రొట్టె తీసుకుని, తన పచ్చిమిరపకాయ నాకిచ్చిన సంగతి. ముందురోజు సాయంత్రం పాప మొదటిసారి తనను పిలిచిందని పదిమందికీ చెప్పుకున్న సంగతి. ఆ పిలుపు ఎట్లా ఉందో ముద్దుముద్దుగా అని చూపించాడు. నేనూ అట్లాగే అని చూపించాను. కొత్త చొక్కా చెమటకు పాడవుతుందని విప్పి మేకుకు తగిలించిన సంగతి చెప్పాను. ఇంకా ఉందా అంది. ఇంకా చెప్పాను. గుర్తున్న ప్రతి మాటా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి నవ్వింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పటాన్‌చెరు బస్సు వచ్చింది. ఆమె పాపను భుజానికెత్తుకుని, వానలోనే నడిచి, బస్సెక్కింది. మాఫ్ చేశాననలేదు. చెయ్యననీ అనలేదు.

"ఏమన్నది?" అని ఖాదర్ సాబ్ అడిగారు. చెప్పాను. "ఆమె అడిగింది ఇచ్చినవ్ గద. మిగిలింది ఆమె ఇష్టం. జబర్దస్తీ లేదు" అన్నారు. తీర్పు వచ్చాక ఆమె తన ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు. ఖాదర్ సాబ్ ఇంకో మూడేళ్ళు బతికారు, సముద్రం చూడకుండానే పోయారు. ఆయన్ని మట్టి చేసిన రోజు నేనూ మూడు పిడికిళ్ళ మన్ను వేశాను.

తర్వాత నేను బీరంగూడ దగ్గర ఒక చిన్న షెడ్డులో లేతు పనికి కుదిరి, అక్కడే ముసలివాణ్ణయ్యాను. బిడ్డలు పైకొచ్చారు, మార్త పోయింది. ప్రతి ఆదివారం చర్చికి పోతాను. నా తండ్రి నమ్మినట్టే నేనూ నమ్ముతాను, దాంట్లో మార్పు లేదు. అయ్యగారు ప్రార్థనలో, మీ మీ పాపాలు తలుచుకుని దేవుణ్ణి క్షమాపణ అడగండి అన్నప్పుడు అందరితోపాటు నేనూ తల వంచుతాను. కోపంలో అన్న మాటలు, చెయ్యాల్సి ఉండీ చెయ్యనివి, అన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటాను. ఒక్కటి మాత్రం పక్కన పెడతాను. అది అక్కడ అడగవలసింది కాదు. అడగవలసిన మనిషి బీహార్‌లో ఎక్కడో ఉందో, అసలు లేదో. ఆ అబద్ధాన్ని అట్లాగే నాతో ఇంటికి తెచ్చుకుంటాను.